జడ్జిగారి తలుపు

మా ఊరి పాత కోర్టు వెనక తలుపుని మునిసిపాలిటీ వాళ్ళు ఇటికలు పేర్చి మూసేశారు. ఎవర్నీ అడగలేదు. మూసి, సిమెంటు పూసి, మీద పసుపు రంగు కొట్టి, అక్కడ తలుపన్నదే ఎప్పుడూ లేనట్టు చేశారు. అది తప్పు. తప్పని అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

వెనక తలుపు పోతే ఏం పోయిందండీ, ముందు అంత గుమ్మం ఉంది కదా అని మీరు అడగొచ్చు. అందరూ అదే అడిగారు. ఇంజనీరుగారు అడిగారు, చైర్మన్ గారు అడిగారు, రాజమండ్రిలో కాలేజీకెళ్ళే మా మనవరాలు కూడా అడిగింది. అందుకని మొదట్నించీ చెప్పాలి.

కోర్టుకి ఎదురుగా మా నాన్నకి సైకిలు షాపుండేది. గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకివ్వడం, పంక్చర్లు వేయడం. ఆయన తర్వాత అది నాదైంది. నన్ను బడికి పంపాలని ఆయనకీ తోచలేదు, వెళ్ళాలని నాకూ తోచలేదు. నాకు బడంటే కోర్టు వరండాలో వేలాడే నోటీసు బోర్డే. పొలాల వేలాలు, వాయిదాలు, అన్నదమ్ముల పంపకాలు అన్నీ దానిమీద అంటించేవారు. ప్లీడరు గుమాస్తా ఎవరైనా నిలబడి పైకి చదువుతుంటే నేను ఆయన వెనక నిలబడి, ఆ నోట్లోంచి వచ్చిన మాట కాయితం మీద ఎక్కడుందో వెతుక్కునేవాణ్ణి. అలా నాకు పట్టుబడ్డ మొదటి వాక్యం 'ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా'. మిగతా పిల్లలు అమ్మ, ఆవు దిద్దుకునే వయసులో నేను 'సదరు స్థిరాస్తి' దిద్దుకున్నాను. ఇప్పటికీ నా రాతలో ఆ వాసన పోలేదు. పోదు కూడా.

అందుకని ఆ భవనమంటే నాకు ప్రేమ అని చెప్పను, అలవాటు అంటాను. పొద్దున్నే షాపు తలుపు తీస్తే ఎదురుగా అదే. ఎర్ర ఇటిక, గానుగ సున్నం, లావుపాటి గుండ్రటి స్తంభాలు, నడి వేసవిలో కూడా చల్లగా ఉండే హాలు. ముందు ఎత్తు మెట్లు. లోపల వేదిక, సాక్షుల బోను, టేకు బెంచీలు. దూలాలకి పూర్వం పంకాలు వేలాడదీసిన కొక్కేలు అలాగే ఉన్నాయి.

తొంభైల నడుమ కోర్టుని బైపాసు రోడ్డు పక్కన కట్టిన కొత్త బిల్డింగుకి మార్చారు. ప్లీడర్లు వెళ్ళారు, గుమాస్తాలు వెళ్ళారు, టీ హోటలాయన కూడా సామాను లారీకెత్తించుకుని వాళ్ళ వెనకే వెళ్ళాడు. పాత కోర్టుకి తాళం పడింది. పావురాలు చేరాయి. ఊరి నడిమధ్య, ఒక పక్క బస్సులాగే చోటు, ఒక పక్క గవర్నమెంటు ఆస్పత్రి, వెనక సందులోంచి పోతే చేపల మార్కెట్టు, దాన్ని దాటితే కాలవ. అంత మంచి చోటు ఖాళీగా ఉంటే ఎవరు ఊరుకుంటారు? పడగొట్టి కాంప్లెక్సు కడదాం, కింద షాపులు, పైన ఫంక్షన్ హాలు అన్నారు.

నేనూ, రిటైరైన ఒక హెడ్మాస్టరుగారూ చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాం. మా ఊరికి పల్లెల్నించి రోజూ జనం వస్తారు, ఆస్పత్రికని, సంతకని. పని అయ్యాక బస్సు వచ్చేదాకా వాళ్ళకి కూర్చునే చోటు లేదు. పసిపిల్లల తల్లులు కిళ్ళీకొట్టు నీడలో ముడుచుకుని కూర్చునేవారు. పొద్దున్నే చేపలు అమ్ముకున్న ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు పక్కన పెట్టుకుని ఎర్రటి ఎండలో బస్సు కోసం చూసేవారు. ఈ హాలు తెరిచి, బెంచీలేసి, మంచినీళ్ళు పెట్టి, నాలుగు పేపర్లు పడేస్తే ఎవరైనా వచ్చి కూర్చుంటారు కదా అన్నాం.

చైర్మన్ గారు చెడ్డవాడేం కాదు. "ఏడాది చూద్దామండి. జనం వస్తే ఉంచుదాం. రాకపోతే మాత్రం నన్నేం అనకండి, కాంప్లెక్సు కట్టేస్తాం" అన్నాడు. పందెం బాగానే ఉందనుకున్నాను. నీడ ఊరికే ఇస్తామంటే రాని వాడెవడు?

షాపు మా అబ్బాయికి ఒప్పగించి తాళం చెవి నేను తీసుకున్నాను. పావురాల రెట్టలు కడిగించాం. కుండలు పెట్టాం. వెనక రికార్డు గదిని ఆడవాళ్ళ కోసం మరుగుదొడ్డి చేశాం. బోను కమ్మీల మీద పేపర్లు మడిచి వేలాడదీశాం. ఇంత చేసి తలుపులు బార్లా తెరిస్తే వచ్చిందెవరు? పెన్షన్ తీసుకునే పెద్దమనుషులు. వాళ్ళకి ఇళ్ళల్లో ఫ్యాన్లూ ఉన్నాయి, పేపర్లూ ఉన్నాయి. ఎవరికోసం తెరిచామో వాళ్ళు మాత్రం రోడ్డుకి అవతల ఎండలోనే కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉండేవారు.

నాకు ఒళ్ళు మండేది. మెట్లు దిగి వెళ్ళి పిలిచేవాణ్ణి.

"రండమ్మా, లోపల చల్లగా ఉంది."

"పర్లేదండి. బస్సొచ్చేత్తాది."

బస్సు రాదు. వాళ్ళూ రారు. వీళ్ళకి మంచి చెయ్యడం అనవసరం అని ఇంటికెళ్ళి మా ఆవిడతో అనేవాణ్ణి. ఆవిడ రోజూ మధ్యాహ్నం నాకు క్యారేజీ తెచ్చేది. తెచ్చి, మెట్ల కింద నిలబడి "ఏవండీ" అని కేకేసేది. నేను మోకాళ్ళు పట్టుకుని దిగి అందుకునేవాణ్ణి. ఒకరోజు విసుగొచ్చింది.

"నాలుగు మెట్లెక్కి లోపల పెట్టొచ్చుగా? నా మోకాళ్ళు చూస్తున్నావుగా?"

"నేను ఎక్కను."

"ఏం?"

"మా పుట్టింట్లోగానీ మీ ఇంట్లోగానీ కోర్టు మెట్లెక్కిన ఆడది లేదు. ఇన్నాళ్ళొచ్చి ఇప్పుడు నేనెక్కాలా?"

"కోర్టెక్కడుందే ఇక్కడ? బైపాసు రోడ్డుకి పోయిందిగా."

"కోర్టు పోయింది. మెట్లు పోలేదుగా" అని, క్యారేజీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మా వైపు వాళ్ళకి నేను వివరం చెప్పక్కర్లేదు. గట్టు దగ్గర జానెడు మట్టి జరిగిందని తరాలు కొట్టుకునే చోటు మాది. అయినా సంబంధం మాట్లాడేటప్పుడు మొదట చెప్పే గొప్ప ఏంటంటే, 'వాళ్ళు కోర్టు మెట్లెక్కిన మనుషులు కాదండీ' అని. ఆడవాళ్ళని తిట్టే తిట్లలో 'నిన్ను కోర్టు మెట్లెక్కిస్తాను' అన్నదాన్ని మించింది లేదు. ఎక్కాల్సొచ్చిన ఆడవాళ్ళు కొంగు మొహం మీదికి లాక్కుని ఎక్కడం నా షాపులోంచి ఎన్నిసార్లు చూశానో. చూశాను కానీ, దానికీ వీళ్ళు లోపలికి రాకపోవడానికీ ముడి వేసుకోలేదు. నా కళ్ళకి అది నోటీసు బోర్డున్న చోటు. వాళ్ళ కళ్ళకి అది వేరు.

సరే, ముడి తెలిసింది. విప్పడం నాకు తెలియలేదు. మెట్లకి పూలకుండీలు పెట్టించాను. ముగ్గేయించాను. 'అందరూ రావచ్చు' అని బోర్డు రాయించాను. చదవడం రానివాళ్ళకోసం బోర్డు రాయించడమేంటని హెడ్మాస్టరుగారు నవ్వారు.

విప్పింది వాన.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కుండపోత. హాల్లో గాలి ఆడట్లేదని అంతకు ముందే వెనక తలుపు తీసి పెట్టాను. ఆ తలుపు వేదిక పక్కనుంచి సందులోకి పోతుంది. మెట్లు లేవు, ఒక్క గడప అంతే. పేపరు చదువుకుంటుంటే వేదిక దగ్గర స్టీలు గిన్నె చప్పుడైంది. తలెత్తి చూద్దును కదా, జడ్జిగారు కూర్చునే చోటి పక్కన నిలబడి మా ఆవిడ కొంగు పిండుకుంటోంది.

"ఎక్కనన్నావుగా?" అన్నాను.

"ఎక్కితేగా. సందులోంచి వచ్చాను."

"సందులోంచి వస్తే మాత్రం ఇది కోర్టు కాదేంటి?"

"ఇది జడ్జిగారి తలుపు. కారు ఇక్కడే దిగేవారు. నేను చేపలకి వస్తూ ఎన్నిసార్లు చూళ్ళేదు? తగాదా ఉన్నవాళ్ళు ముందు మెట్లెక్కుతారు. జడ్జిగారికేం తగాదా ఉంది? ఆయనొచ్చిన దారిన నేనూ వచ్చాను."

నేను ఏదో అనబోయేసరికి ఆవిడ అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళి సందులోకి పిలుస్తోంది. ఆవిడకి రోజూ చేపలు పోసే మనిషి చూరు కింద తడుస్తూ నిలబడింది.

"ఎందుకే అలా తడుస్తావు? ఇలా రా."

"కోర్టు కదండీ పిన్నిగారూ."

"ఇది జడ్జిగారి తలుపు."

"నేను జడ్జీనేంటండీ?"

"వాన తగ్గేదాకా అయిపో."

ఆ మనిషి పడీపడీ నవ్వి, బుట్ట గడపవతల బోర్లించి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చింది. వచ్చి, బెంచీ మీద కూర్చోకుండా నేల మీద కూర్చుంది. పైకప్పు కేసి చాలాసేపు చూసింది. "ఇంత చల్లగుంటే మరి ఆళ్ళెందుకండీ లోపల అంత వేడెక్కిపోయి అరుసుకునేవోరు?" అంది.

మర్నాడు ఆ చేపలావిడ ఇంకో ఇద్దర్ని వెంటేసుకొచ్చింది. వారం తిరిగేసరికి ఆస్పత్రి మనుషులు, పసిపిల్లల తల్లులు, సంతకొచ్చినవాళ్ళు. బస్సు దిగి కళ్ళెదురుగా ఉన్న మెట్లు వదిలేసి, భవనం చుట్టూ ఎండలో నడిచి, వెనక నించి వచ్చేవారు. బస్సులాగే చోట కిళ్ళీకొట్టతన్ని "జడ్జిగారి తలుపు ఎటండీ" అని అడగడం నేను విన్నాను. సందులో చెప్పుల వరస చూస్తే ఏదో పెళ్ళి జరుగుతోందనుకోవాలి.

మధ్యాహ్నం పూట నేను వేదిక అంచున కూర్చుని పేపరు పైకి చదివేవాణ్ణి. నేర్చుకున్నది అలాగే కదా, అలాగే తిరిగి ఇద్దామని. వాళ్ళు ఊరికే వినేవాళ్ళు కాదు.

"పోలవరం డ్యాముకి త్వరలో..." అని మొదలెట్టగానే, "మా తాత బతికుండగా కూడా త్వర్లోనేనండి. కిందది సదవండి" అనేది చేపలావిడ.

"బాబాయిగారు తుఫానొస్తే గొంతు పెంచుతారు, కూరగాయలు చవకైతే తగ్గిస్తారు" అని ఇంకొకావిడ.

పెన్షన్ పెద్దమనుషుల్లో ఒకాయన ఒకరోజు ముక్కుకి రుమాలు పెట్టుకుని, "ఈ చేపల వాసనకి పేపరు చదవలేకపోతున్నామండీ" అన్నాడు నాతో. వాళ్ళకి వినబడేలాగే అన్నాడు.

"కంచంలోకొచ్చినప్పుడు రాదేంటండి అయ్యగారికి వాసన?" అంది చేపలావిడ. "పొద్దున్న తమరి కోడలుగారే తీసుకున్నారు, పులస లేదని కోప్పడి మరీ."

హాలు హాలంతా నవ్వింది. ఆయన రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రోజూ వచ్చాడు.

ఏడాది తిరిగాక చైర్మన్ గారు వచ్చి, గుమ్మంలో నిలబడి, నిండుగా ఉన్న హాలు చూసి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. పందెం నెగ్గాననుకున్నాను. అలా కొన్నేళ్ళు గడిచాయి. చైర్మన్ గారు మళ్ళీ నెగ్గాడు. హెడ్మాస్టరుగారు కాలం చేశారు.

తర్వాత పాత భవనాలకి మెరుగులు దిద్దాలని డబ్బేదో వచ్చింది. ఆ వేసవిలో నేనూ మా ఆవిడా మండపేటలో మా అమ్మాయి ఇంట్లో కొన్నాళ్ళుండాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. ముందు మెట్లకి నల్లటి గ్రానైటు వేశారు. స్తంభాలకి రంగులు, పైన బంగారు అక్షరాలు. నేనూ బాగుందనే అనుకున్నాను, వెనక్కి వెళ్ళేదాకా. వెనక గోడ ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటే పసుపు. తలుపు ఎక్కడుండేదో చేత్తో తడిమి పోల్చుకోవలసి వచ్చింది. లోపల మెషిన్ వాసన కొట్టే కొత్త స్టీలు కుర్చీలు, వాటిలో ఎవరూ లేరు.

ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళాను. "వెనకాల దొంగల భయమండీ. పైగా సందంతా బుట్టలు, చెప్పులు. ప్రారంభోత్సవానికి పెద్దలొస్తారు, చూడ్డానికి బాగుండదు" అన్నాడు. మెట్ల సంగతి చెప్పాను. "మూఢనమ్మకాలకి గోడలు పగలగొట్టమంటారా మాస్టారూ?" అన్నాడు. నేను మాస్టార్ని కానని చెప్పాను. అది నమ్మకం కాదు, పరువు అని కూడా చెప్పాను. దేవుడి మీద నమ్మకం లేనివాడికి కూడా పరువుంటుంది. ఆయన ఫైళ్ళు సర్దుకున్నాడు.

ప్రారంభోత్సవం జరిగింది. పెద్దలొచ్చి వెళ్ళారు. ఆడవాళ్ళు మళ్ళీ రోడ్డవతలికి పోయారు. గ్రానైటు మెట్లు ఎండకి మెరిసిపోతూ ఉండేవి, వాళ్ళు వాటికేసి కూడా చూసేవాళ్ళు కాదు.

"జడ్జిగారు ఎల్లిపోయారంటగా బాబాయిగారూ?" అంది చేపలావిడ.

"వెళ్ళలేదు. గోడ కట్టారు."

"రెండూ ఒకటేలెండి" అని, బుట్ట తలకిందులు చేసి నెత్తిన పెట్టుకుంది, ఎండకి.

అర్జీలు రాశాను. నాకు రాయడం వచ్చిందే ఆ గోడల మధ్య కాబట్టి బాగానే రాశాను. 'సదరు ద్వారమును' అనీ, 'విన్నవించుకొనుచున్నాను' అనీ. ఒక్కదానికీ జవాబు లేదు. నేనే చైర్మన్ గారిని పట్టుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "ఏడాది చూద్దామన్న మాట మీకు గుర్తుందిగా. అంత ఖర్చుపెట్టి బాగుచేయించాం. జనం రావట్లేదు. ఇక నేనేం చెప్పను కౌన్సిల్లో? కాంప్లెక్సు మాట మళ్ళీ వచ్చింది" అన్నాడు. జనాన్ని బయట పెట్టి గోడ కట్టి, జనం రావట్లేదంటే ఎలా ఉంటుంది?

అలా ఉండగా కొత్త కమిషనర్ గారు వచ్చారు. కుర్రాడు. నా అర్జీల కట్ట ఎవరో ఆయన బల్ల మీద పెట్టినట్టున్నారు. ఒక మధ్యాహ్నం జీపు దిగి, షాపు దగ్గరికొచ్చి, "అర్జీల తాతగారంటే మీరేనా?" అన్నారు. వెనక గోడ చూపించి, జడ్జిగారి తలుపు సంగతంతా చెప్పాను. చూశారు. ముందుకొచ్చి మెట్ల మీద నిలబడి, తనే రోడ్డవతల ఉన్న ఆడవాళ్ళని పిలిచారు.

"రండమ్మా, లోపల ఫ్యాన్లున్నాయి."

చేపలావిడ లేచి నిలబడి చేతులు కట్టుకుంది. "మాకు కోర్టు పనులేం లేవండి బాబుగారూ."

"ఇది కోర్టు కాదమ్మా. కోర్టు మారిపోయి చాలా కాలమైంది."

"మరి ఆ మెట్లేంటండి?"

"మెట్లు కొత్తవి. చూడండి, గ్రానైటు."

"కొత్తవైతే మరీ మంచిదండి. పెద్దోళ్ళు ఎక్కుతారు" అని కూర్చుండిపోయింది.

కమిషనర్ గారు నవ్వారు. నా వైపు తిరిగి, "పాతకాలం మాటలండీ ఇవన్నీ. నెమ్మదిగా అలవాటు పడతారు. మాదీ ఈ జిల్లాయే. మా ఇంట్లో ఇలాంటి పట్టింపులేం లేవు" అన్నారు.

"మీ అమ్మగారున్నారా బాబూ?" అన్నాను.

"ఉన్నారు. మా ఊళ్ళోనే ఉంటారు."

"ఆవిడ ఎక్కుతారా?"

ఆయన మెట్లకేసి చూశారు. వాచీకేసి చూసుకున్నారు. "చూద్దామండి" అని జీపెక్కారు.

మా ఆవిడకి చెబితే కోప్పడింది. "అంత ఆఫీసరు ఎండలో వస్తే వాళ్ళమ్మని మధ్యలోకి తెస్తారా ఎక్కడైనా?"

"నువ్వు మా అమ్మని ఎప్పుడూ తేలేదా?"

"మీరు కమిషనరు కాదుగా" అంది.

ఆ తర్వాత చాలా రోజులు ఏ కబురూ లేదు. కౌన్సిలు మీటింగు దగ్గరికొస్తోంది, అందులో కాంప్లెక్సు సంగతి ఉందని కబురు మాత్రం వచ్చింది. నేను పొద్దున్నే వెళ్ళి తాళం తీసి, పేపర్లు సర్ది, ఖాళీ కుర్చీల ముందు కూర్చునేవాణ్ణి. చదువుదామంటే వినేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళ అలవాటు మీద ఒకటి రెండుసార్లు పైకే చదివాను. ఆ హాల్లో గొంతు తిరిగి మనకే వినిపిస్తుంది. పెన్షన్ పెద్దమనిషి రుమాలు మడతపెడుతూ, "వాసన లేకపోతే తోచట్లేదండీ" అన్నాడు.

ఒక సోమవారం మునిసిపల్ ఆఫీసు బంట్రోతు మా ఇంటికి వచ్చి, సంతకం పెట్టించుకుని, కవరిచ్చి వెళ్ళాడు. టైపు చేసిన కాయితం. పైన నెంబరు, తేదీ, విషయము, సూచిక అన్నీ సక్రమంగా ఉన్నాయి. బోర్డు మీద నోటీసు చదివినట్టే నిలబడి చదివాను. 'మీ అర్జీలు పరిశీలించడమైనది. సదరు భవనము వెనుక గోడయందు మూసివేయబడిన ద్వారమును తిరిగి తెరిపించవలసినదిగా ఇంజనీరింగు విభాగమునకు ఉత్తర్వులు ఇవ్వడమైనది' అని ఉంది. కింద సంతకం, సీలు. ఆ సీలుకీ కాయితం అంచుకీ మధ్య మిగిలిన కాస్త చోటులో నీలం సిరాతో చేతిరాత. అది పైకి చదవమని మా ఆవిడ అడిగితే చదివాను.

"తాతగారూ, మొన్న ఆదివారం ఇంటికెళ్ళి మా అమ్మని అడిగాను. మెట్లెక్కనన్నారు. జడ్జిగారి తలుపైతే వస్తారట."